ఐదో తరగతి పాప లెక్కల్లో చాలా ముందుంది, సుగ్గికి (వలస కూలికి) పోయేలోపల ఏం చేయగలం?

కోసిగి_టీచర్ | జూలై 6
అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లాలో కోసిగి దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల మాది. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. మా ఐదో తరగతి పాప గురించి సలహా కావాలి.

పోయిన వారం తీసివేతలు చేయిస్తున్నాను. రెండంకెల సంఖ్య రాసి, దాన్ని తిరగేసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయమన్నాను. 72లోంచి 27 తీస్తే 45. 91లోంచి 19 తీస్తే 72. మిగతా పిల్లలు నాలుగైదు చేసి పుస్తకం మూసేశారు. ఈ పాప పేజీ నిండా చేసి నా దగ్గరికి తెచ్చింది. "సార్, ఏది తీసినా తొమ్మిదో ఎక్కంలోనే పడతాంది, ఎందుకట్ల?" అని అడిగింది. "నువ్వే చూడు" అన్నాను. మరుసటి రోజు ప్రార్థన అయ్యీ కాకముందే వచ్చి, "రెండంకెలకీ ఎంత తేడా ఉంటే అన్ని తొమ్ముదులు సార్" అని చెప్పింది. 7కీ 2కీ తేడా 5, ఐదు తొమ్ముదులు 45. ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది.

ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు. వాళ్లమ్మ పత్తి తీతకు పోయి వస్తే కూలి లెక్క చూసేది ఈ పాపే. 37 కిలోలు, కిలోకు 12 రూపాయలు అంటే, "పదింటికి 370, రెండింటికి 74, మొత్తం 444" అని కాగితం లేకుండా చెప్పేస్తుంది.

కష్టం ఎక్కడంటే, దీపావళి దాటితే వీళ్లు సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు. మళ్లీ ఉగాదికి గానీ రారు. చిన్న తమ్ముడున్నాడు, వాణ్ణి చూసుకోవడానికి పాపను వెంట తీసుకెళ్తారు. కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి నవోదయలో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష కూడా వీళ్లు ఊళ్లో లేని ఆ నెలల్లోనే. కోచింగ్ పెట్టించాలా? పై తరగతిలో కూర్చోబెట్టాలా? రోజూ క్లాసులో తనకు ఏం ఇవ్వాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అనంత_లెక్కలు | జూలై 6
సార్, చదువుతుంటే ఎంత సంతోషంగా ఉందో. నేను అనంతపురం జిల్లాలో హైస్కూల్లో లెక్కలు చెప్తాను. "ఎందుకట్ల" అని అడిగే పిల్ల తొమ్మిదో తరగతిలో కూడా అరుదు.

ఆ దారిలోనే ముందుకు పోనివ్వండి. తీసివేత అయింది కదా, కూడమనండి. 72కు 27 కలిపితే 99. 91కి 19 కలిపితే 110. అన్నీ పదకొండో ఎక్కంలో పడతాయి. అది పట్టుకున్నాక మూడంకెలు ఇవ్వండి. 412కు 214 కలిపితే 626, అది పదకొండో ఎక్కంలో లేదు. అక్కడ పాప ఆగిపోతుంది, ఆగనివ్వండి. తర్వాత నాలుగంకెలు. 1234కు 4321 కలిపితే 5555, అంటే 505 పదకొండ్లు. రెండంకెలకు కుదిరింది, మూడంకెలకు కుదరలేదు, నాలుగంకెలకు మళ్లీ కుదిరింది. ఇందులోని కారణం ఆమెకు అందితే స్థానవిలువ జన్మలో మర్చిపోదు. దయచేసి ముందే చెప్పేయకండి.

ఇంకొకటి. తొందరగా ముగించిన పిల్లకు అవే లెక్కలు ఇంకో పది ఇవ్వడం మన బడుల్లో అలవాటు. పిల్ల దృష్టిలో అది శిక్ష. రెండుసార్లు అట్ల జరిగితే తెలివైన పిల్ల మెల్లగా చేయడం నేర్చుకుంటుంది.

ప్రొద్దుటూరు_నాన్న | జూలై 7
సార్, ఆలోచించకుండా ఎమ్మిగనూరులోనో ఆదోనిలోనో కోచింగ్‌లో వేయండి. ఫీజు కట్టడానికి ఈ వేదికలోనే పదిమందిమి ముందుకొస్తాం, నా పేరు మొదట రాసుకోండి. మా బాబును నాలుగో తరగతి నుంచే వేశాం. పోటీ అట్లుంది మరి.

బనవాసి_పూర్వ_విద్యార్థి | జూలై 7
నేను బనవాసి నవోదయలో చదువుకున్నాను. మాది ఆదోని పక్క పల్లె. నాకు తెలిసినంత చెప్తాను.

పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, అంటే 50 మార్కులు, మానసిక సామర్థ్యానికే. అన్నీ బొమ్మలు: తేడాగా ఉన్నది ఏది, అద్దంలో ఎట్ల కనిపిస్తుంది, కాగితం మడిచి కత్తిరిస్తే ఎట్ల వస్తుంది, అట్లాంటివి. లెక్కలు 20 ప్రశ్నలు, భాష 20 ప్రశ్నలు. తెలుగులో రాయొచ్చు. తప్పుకు మార్కులు కోయరు. దరఖాస్తుకు ఫీజు లేదు. బడికి 80 సీట్లు, వాటిలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. పల్లె కోటా రావాలంటే 3, 4, 5 తరగతులు పల్లె బడిలోనే పూర్తిగా చదివి ఉండాలి. చేరితే తిండి, బస, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లే ఇస్తారు.

ఈ పాపకు లెక్కల్లో కోచింగ్ అక్కర్లేదు. బొమ్మల ప్రశ్నలు మాత్రం ముందు చూసి ఉండాలి. ఎప్పుడూ చూడని పిల్ల ఎంత తెలివైనదైనా పరీక్ష హాల్లో ప్రశ్న అర్థం చేసుకోవడానికే సగం టైం పోగొట్టుకుంటుంది. పాత ప్రశ్నపత్రాలు ప్రింట్ తీసి వారానికి రెండు పూటలు చేయించండి. ఓఎంఆర్ షీట్‌లో గుండ్రాలు దిద్దడం కూడా నేర్పండి. చిన్న విషయమే, కానీ పదేళ్ల పిల్లలు అక్కడే టెన్షన్ పడతారు. ఇంత చిన్న పిల్లను రోజూ టౌనుకు బస్సులో తిప్పడం నాకు మంచిగా అనిపించడం లేదు.

ఆధార్‌లో పుట్టిన తేదీ, బడి రికార్డులో తేదీ ఒకటేనా? ఈ రోజే చూడండి. వయసు పరిమితి ఉంది, అక్కడ తేడా వస్తే మిగతా శ్రమంతా వృథా.

నల్లమల_టీచరమ్మ | జూలై 8
కోసిగి సార్, మీ తపన అర్థమైంది. కానీ ఒక్క మాట అడగాలి. క్లాసులో మిగతా పిల్లల సంగతేంటి? ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి వాచకం చదవలేని పిల్లలు మా బడిలో ఉన్నారు. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడుపుతూ, ఒక పాపకు ప్రత్యేకంగా టైం ఇస్తే అది న్యాయమేనా? "నువ్వు తెలివైనదానివి" అని ఒకరిని పక్కకు తీస్తే మిగతావాళ్లు తాము కాదని అనుకోరా? నేను చూశాను కాబట్టి అడుగుతున్నాను. నవోదయ వస్తుందని ఊరంతా అనుకున్న పిల్లాడికి రాకపోతే, ఆ తర్వాత వాడు బడిలో నోరు తెరవడం మానేశాడు.

కోసిగి_టీచర్ | జూలై 8
మేడం, ఈ ప్రశ్న నన్నూ తొలుస్తూనే ఉంది. నేను అనుకునేది ఒకటే. వెనకబడిన పిల్లల జాబితా ప్రతి బడిలో ఉంటుంది, దానికి రిజిస్టర్ ఉంటుంది, అధికారులు వస్తే అడుగుతారు. ఉండాల్సిందే. క్లాసు కన్నా ముందున్న పిల్లల గురించి ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు. ఈ పాప రోజుకు ఐదు గంటలు తనకు వచ్చిందే వింటూ కూర్చుంటోంది. అది కూడా అన్యాయమే కదా.

ఆ పిల్లాడి విషయంలో మీరు చెప్పింది మాత్రం బాగా గుర్తు పెట్టుకుంటాను. ఊళ్లో ఎవరికీ చాటింపు వేయను.

రిటైర్డ్_హెచ్ఎం_కడప | జూలై 9
నల్లమల అమ్మ అడిగింది చాలా అవసరమైన ప్రశ్న. తెలివిని ముందే గుర్తించి ముద్ర వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి పాత ఉదాహరణ ఉంది. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వవేత్త 1921లో కాలిఫోర్నియా పిల్లలకు ఐక్యూ పరీక్షలు పెట్టి దాదాపు 1,500 మందిని ఎంపిక చేసి, జీవితాంతం వాళ్లను గమనించే పని మొదలుపెట్టారు. ఆ పరీక్ష రాసి ఎంపిక కాని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎంపికైన వాళ్లలో ఎవరికీ రాలేదు. ఒక్క పరీక్షతో "ఈమె ఉంది, వీడు లేడు" అని తేల్చకూడదని నేను ముప్పై ఏళ్ల సర్వీసులో ప్రతి కొత్త టీచరుకూ చెప్పాను.

జోసెఫ్ రెంజుల్లీ 1978లో మూడు చెప్పారు: సగటు కన్నా పైనున్న సామర్థ్యం, సృజన, పట్టిన పని వదలని గుణం. మూడూ కలిసిన చోట ప్రతిభ బయటపడుతుంది. మార్కులు మొదటిదాన్ని మాత్రమే చూపిస్తాయి. కోసిగి సారు రాసిన దాంట్లో నన్ను కదిలించింది 45 కాదు, పేజీ నిండా చేసుకుపోవడం, మరుసటి రోజు దాకా దాన్ని వదలకపోవడం. అది మూడో గుణం.

ఇప్పుడు కోసిగి సారు అడిగిన పై తరగతి సంగతి. పాప ఎంత ముందుందో తెలుసుకోవాలంటే ఐదో తరగతి పేపరు పనికిరాదు, అందులో నూటికి నూరు వస్తాయి, మనకేమీ తెలియదు. జూలియన్ స్టాన్లీ 1971లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన కార్యక్రమంలో, కాలేజీలో చేరబోయేవాళ్లు రాసే లెక్కల పరీక్షను పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు పెట్టారు. తమ తరగతి పేపరులో అందరూ ఒకేలా కనిపించిన తెలివైన పిల్లలు, పై పేపరులో ఎవరు ఎక్కడున్నారో తేలిపోయారు. మీరు ఆరు, ఏడు తరగతుల పేపర్లు ఇచ్చి చూడండి. టైం పెట్టకండి, మార్కులు చెప్పకండి.

మన సీమకు ఈ ఆలోచన కొత్త కాదు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పల్లెల్లోని తెలివైన పిల్లల కోసం 1971లో తెలంగాణలోని సర్వేలులో గురుకులం పెట్టించారు. ఆ వెంటనే 1972లో రాయలసీమకు కొడిగెనహళ్లి, కోస్తాకు తాడికొండ వచ్చాయి. కర్నూల్లో సిల్వర్ జూబ్లీ కాలేజీ కూడా 1972లోనే. మన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది, అదీ పల్లె పిల్లల కోసమే. అయితే అవన్నీ పిల్లను బయటికి తీసుకెళ్లి చదివించే దారులు. వాటి గుమ్మం దాకా రావడానికి ముందు కొన్నేళ్లు పిల్ల మామూలు బడిలోనే ఉంటుంది. ఆ ఏళ్లలో ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. 2020 జాతీయ విద్యావిధానం ఈ పిల్లలకు అదనపు సామగ్రి ఇవ్వాలని, బడుల్లో, స్కూల్ కాంప్లెక్స్‌లలో (చుట్టుపక్కల బడుల సముదాయాల్లో) సబ్జెక్టు క్లబ్బులు పెట్టాలని, బీఎడ్‌లో దీనికి ప్రత్యేక శిక్షణ ఉండొచ్చని రాసింది. కాంప్లెక్స్ మీటింగులో ఆ ముక్క చూపించి అడగండి, అడిగే హక్కు మీకుంది.

పీఈటీ_కడప | జూలై 9
హెచ్ఎం సార్ మాటకు ఆటల వైపు నుంచి ఒకటి చేరుస్తాను. కడప క్రీడా పాఠశాలకు నాలుగో తరగతిలోనే పిల్లలను తీసుకుంటారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్, షటిల్ రన్, 800 మీటర్లు, ఇట్ల చూస్తారు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల్లో ఆరు నెలలు పెద్దయితే చాలు, ఎత్తులో, దూకడంలో తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అది వయసా, ప్రతిభా అని విడదీయడం కష్టం. మన పల్లెల్లో బడిలో వేసిన రోజు నోటికొచ్చిన తేదీ రాయించినవాళ్లు ఎందరో. అందుకే నేను ఒక్కరోజు కొలతను నమ్మను. నెల రోజులు ఆడించి, చెప్పింది ఎంత తొందరగా పట్టుకుంటున్నారో చూస్తాను. ఈ రోజు ఎంత దూకాడనేది నాకు తర్వాతి విషయం.

ప్రొద్దుటూరు_నాన్న | జూలై 10
డబుల్ ప్రమోషన్ ఇస్తే పోదా? మా తాత కాలంలో మూడు నుంచి ఐదుకు దూకించేవాళ్లు.

బనవాసి_పూర్వ_విద్యార్థి | జూలై 10
వద్దన్నా. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక్కసారే రాయాలి. పాపను ఆరుకు దాటిస్తే ఆ అవకాశమే పోతుంది.

అనంత_లెక్కలు | జూలై 10
అవును. తరగతి మార్చకుండా లెక్కల గంట మాత్రం మార్చొచ్చు. మీ పల్లెకు దగ్గర్లో హైస్కూలు ఉంటే అక్కడి లెక్కల టీచరుతో మాట్లాడండి సార్. శనివారం ఒక పూట పాపను పంపినా చాలు.

నల్లమల మేడం, మీరన్న న్యాయం గురించి. నేను బోర్డు మీద ఒక మూలన ప్రతి సోమవారం ఒక ప్రశ్న రాస్తాను. ఎవరైనా చేయొచ్చు, చేయకపోయినా ఏమీ అనను, శుక్రవారం చేసినవాళ్లు వచ్చి అందరికీ చెప్పాలి. ఎవరినీ ఎంపిక చేయను. పోయినేడు మొదట్లో ముగ్గురు చేసేవాళ్లు. దసరా తర్వాత చూస్తే సగటు మార్కులు కూడా రాని ఒక అబ్బాయి అందరికన్నా ముందు చేయడం మొదలుపెట్టాడు. పరీక్షల్లో వాడికి చేతిరాత అడ్డం, తెలివి కాదు. జాబితా వేసి ఉంటే వాడు అందులో ఉండేవాడు కాదు.

నల్లమల_టీచరమ్మ | జూలై 11
ఇది నాకు నచ్చింది. సోమవారం నుంచి మా బడిలో మొదలుపెడతాను. నాలుగు, ఐదు తరగతులకు సరిపోయే ప్రశ్నలు ఉంటే ఇక్కడ పెట్టండి సార్.

సుగ్గి_చూసినోడు | జూలై 12
అందరూ చదువు గురించి రాస్తున్నారు. నేను చిన్నప్పుడు మా అమ్మానాయనతో సుగ్గికి పోయినోణ్ణి, అందుకని ఆ సంగతి రాస్తాను.

కోసిగి సార్, పాపను ఆపేది పరీక్ష కాదు, తమ్ముడు. మీరు వాళ్లమ్మ దగ్గరికి పోయి "మీ పాప చాలా తెలివైంది, నవోదయ వస్తాది" అంటే తల ఊపుతుంది, నవంబరులో మాత్రం తీసుకుపోతుంది. ఎందుకంటే ఆమెకు వేరే దారి లేదు. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకొని ఉంటారు. మిరప తోటలో పసిబిడ్డను ఎండలో, ఆ ఘాటులో పెట్టుకొని కోయలేరు. చేను పక్కన వేసుకున్న గుడిసె కాడ బిడ్డను పట్టుకునే మనిషి కావాలి, ఆ మనిషి మీ పాప.

అందుకే ముందు పిల్లాడి సంగతి తేల్చండి. వాడికి మూడేళ్లు నిండితే ఊళ్లో అంగన్‌వాడీలో వేసి, అవ్వ దగ్గర ఇద్దర్నీ ఉంచొచ్చు. అవ్వ ఉందా, ఆమెకు చేతనవుతుందా? లేకపోతే సీజనల్ హాస్టల్ అడగండి. వలస పోయే పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మన మండలాల్లో పెడతారు. కానీ నవంబరులో తాళాలు వేసిన ఇళ్లు చూసి అడిగితే ఆలస్యమైపోతుంది. ఎవరెవరి ఇళ్ల నుంచి ఎంతమంది పిల్లలు పోతారో ఆగస్టులోనే పేర్లతో రాసి ఎంఈఓ గారికి ఇవ్వండి. ఒక్క పాప పేరు రాస్తే ఎవరూ కదలరు. ముప్పై పేర్లు రాస్తే కదులుతారు.

వాళ్లమ్మతో మాట్లాడేటప్పుడు పాపను పక్కన ఉంచొద్దు. తల్లి ముందు బిడ్డ ఆశ పెట్టుకొని నిలబడితే ఆ తల్లి గుండె తరుక్కుపోతుంది, పైకి మాత్రం కోప్పడుతుంది.

కోసిగి_టీచర్ | జూలై 12
అన్నా, ఇది నాకు ఎవరూ చెప్పని మాట. రేపే అంగన్‌వాడీ మేడంను కలుస్తాను.

రిటైర్డ్_హెచ్ఎం_కడప | జూలై 13
సుగ్గి చూసిన నాయనకు నమస్కారం. నేను రాసిన టెర్మన్, రెంజుల్లీ అంతా దీని తర్వాతే.

ప్రొద్దుటూరు_నాన్న | జూలై 14
నేను అన్నీ చదివాను. కోచింగ్ డబ్బు అన్నాను కదా, ఆ డబ్బు పాత ప్రశ్నపత్రాల ప్రింట్లకు, అవ్వ ఖర్చులకు వాడుకోండి సార్. ఇంకో సందేహం. మా బాబు బడిలో ఏటా "ఒలింపియాడ్" అని ఫీజు కట్టించుకుంటారు, మెడల్ కూడా ఇస్తారు. అది అసలైనదేనా?

అనంత_లెక్కలు | జూలై 14
చాలావరకు అవి ప్రైవేటు సంస్థలు నడిపే పరీక్షలన్నా. పిల్లలకు ఉత్సాహం వస్తే తప్పు లేదు, కానీ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు వెళ్లే దారి అది కాదు. ఆ దారిలో మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష. మూడు గంటలు, 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపల ఒక సంఖ్య. తర్వాత ప్రాంతీయ స్థాయిలో ఆర్ఎంఓ, ఆ తర్వాత జాతీయ స్థాయిలో ఐఎన్ఎంఓ. అందులో నెగ్గినవాళ్లకు ముంబైలోని హోమీ భాభా కేంద్రం ఆధ్వర్యంలో శిబిరం పెడతారు, అక్కణ్ణుంచి ఆరుగురిని దేశం తరఫున పంపుతారు. ఎనిమిదో తరగతి నుంచి రాయొచ్చు. ఆర్ఎంఓలో ఆరు లెక్కలు, మూడు గంటలు, అంటే ఒక లెక్కకు అరగంట. మన దగ్గర ఒక్క ప్రశ్నకు నిమిషం కన్నా ఎక్కువ ఆలోచించకూడదని నేర్పుతున్నాం కాబట్టే మార్కుల్లో ముందున్న పిల్లలు అక్కడ చేతులెత్తేస్తున్నారు.

కోసిగి సార్, నవోదయ రాకపోతే కుంగిపోనక్కర్లేదు. ఆడపిల్లల కోసం నడిపే కస్తూర్బా బడిలో (కేజీబీవీ) ఆరో తరగతి నుంచి హాస్టల్ ఉంది. మామూలు జెడ్పీ హైస్కూల్లో చదివితే ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు, రెండు భాగాలు, ఒక్కోదానిలో 90 ప్రశ్నలు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయల లోపు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్ల ఖాతాలో పడతాయి. నవోదయ పిల్లలకు అది ఉండదు. ఈ మాట వాళ్లమ్మకు చెప్పండి, చదువు వల్ల ఇంటికి డబ్బు వచ్చే దారి కూడా ఉందని ఆమెకు తెలియాలి.

కోసిగి_టీచర్ | ఆగస్టు 3
ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నాను. ఆధార్, బడి రికార్డు తేదీలు సరిపోయాయి. నవోదయ దరఖాస్తు పెట్టాం. ఏడో తరగతి పేపరు ఇచ్చాను. పూర్ణసంఖ్యల లెక్కలు, మైనస్ సంఖ్యలతో సహా, పాప ఎవరూ నేర్పకుండానే చేసింది. అప్పు, జమ అనుకొని చేసిందట. జ్యామితి మాత్రం అసలు రాలేదు, బొమ్మ గీయడం కూడా తెలియదు. హెచ్ఎం సార్ చెప్పినట్టు ఇప్పుడు నాకు ఎక్కడ ఏం చెప్పాలో తెలిసింది. ఐదో తరగతి మార్కులు చూస్తే జ్యామితిలో లోటు ఉందని ఎప్పటికీ తెలిసేది కాదు.

మూడంకెల కూడిక దగ్గర వారం రోజులు ఆగింది. ఒక మధ్యాహ్నం భోజనం ప్లేటు పక్కన పెట్టి, "నడిమి అంకె కదలడం ల్యా సార్, దాన్నే రెండుసార్లు కూడుతున్నాం, అందుకే కుదరదు" అంది. నాలుగంకెలు ఇంకా ఇవ్వలేదు.

తమ్ముడికి మూడేళ్లు నిండాయి, అంగన్‌వాడీలో చేరాడు. అవ్వ ఉంటానంటోంది, కానీ ఆమెకు చూపు సరిగా లేదు, రాత్రిళ్లు కష్టం. వాళ్లమ్మతో ఒకసారి మాట్లాడాను. ఔననలేదు, కాదనలేదు. మా ఊరి నుంచి సుగ్గికి పోయే ఇళ్ల పిల్లల పేర్లు రాస్తుంటే 41 మంది తేలారు. సీజనల్ హాస్టల్ కోసం ఆ జాబితా ఇవ్వబోతున్నాను. దరఖాస్తు ఏ రూపంలో ఉండాలో ఎవరి దగ్గరైనా నమూనా ఉందా?

సుగ్గి_చూసినోడు | ఆగస్టు 3
నమూనా కోసం ఎదురు చూడొద్దు సార్. తెల్లకాగితం మీద పిల్ల పేరు, తరగతి, తల్లిదండ్రుల పేర్లు, పోయిన సంవత్సరం ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చారు, ఊళ్లో పెద్దదిక్కు ఎవరున్నారు, ఈ ఐదు గడులు గీసి నింపండి. కింద పాఠశాల కమిటీ చైర్మన్, సర్పంచ్ సంతకాలు పెట్టించండి. హాస్టల్ నడపడానికి బడిలో ఏ గది ఖాళీగా ఉందో, నీళ్లు, బాత్రూం ఉన్నాయో లేదో కూడా రాయండి, లేకపోతే దాని కోసమే వెనక్కి పంపుతారు. ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. నేను ఆదివారం ఊరికి వస్తున్నా. వాళ్లమ్మానాయన దగ్గరికి నాతో రండి, మేస్త్రీతో కూడా నేనే మాట్లాడతాను.

కోసిగి_టీచర్ | ఆగస్టు 4
ఆదివారం పొద్దున బస్టాండు దగ్గర ఉంటానన్నా.